బిల్లుల పీడీఎఫ్ కాంపొనెంట్ కొనబోతున్నవారు ఇది చదివాకే డబ్బు కట్టండి

ఇక్కడ చాలామంది వాడుతున్న బిల్లుల పీడీఎఫ్ కాంపొనెంట్‌నే (బిల్లును పీడీఎఫ్‌గా తయారుచేసే, మన ప్రోగ్రాములో కలుపుకునే రెడీమేడ్ కోడ్) నేనూ 12,000 రూపాయలు పెట్టి కొన్నాను. రాత్రంతా తెరిచి ఉండే ఒక మందుల దుకాణానికి నోడ్‌లో (సర్వర్ మీద జావాస్క్రిప్ట్ నడిపే వ్యవస్థ) రాసిచ్చిన బిల్లింగ్ ప్రోగ్రాములో దాన్ని కలిపాను. సర్వర్ మార్చి అన్నీ కొత్తగా ఇన్‌స్టాల్ చేసిన నాటి నుంచి, అర్ధరాత్రి 12 దాటాక తెల్లవారుజామున 5.30 లోపు కొట్టిన ప్రతి బిల్లు మీదా ముందురోజు తేదీ పడుతూ వచ్చింది. ఒకటో తారీఖు బిల్లులు అంతకుముందు నెల జీఎస్టీ లెక్కలోకి వెళ్లాక గాని ఎవరూ గమనించలేదు.

మూడు రాత్రులు నా కోడ్‌లోనే తప్పు వెతికాను. చివరికి అది ఆ కాంపొనెంట్ వాడుకునే లైబ్రరీ (వేరొకరు రాసిపెట్టిన రెడీ కోడ్) తనతో తెచ్చుకున్న మరొక చిన్న లైబ్రరీలో దొరికింది. దాని కొత్త వెర్షన్ లోడ్ కాగానే, ఎవరూ పిలవకుండానే, ప్రోగ్రాము మొత్తానికి టైమ్‌జోన్‌ను యూటీసీకి, అంటే మన సమయానికి ఐదున్నర గంటలు వెనక ఉండే ప్రపంచ ప్రామాణిక సమయానికి, మార్చేస్తోంది. ఒక గదిలో అద్దెకు దిగినవాడు ఇంట్లో గడియారాలన్నిటినీ ఐదున్నర గంటలు వెనక్కి తిప్పినట్టయింది.

ఫైలు పేరుతో, లైను నంబరుతో సహా అమ్మినవారికి రాశాను. "అది మా కోడ్ కాదు, ఓపెన్ సోర్స్ లైబ్రరీ. మీరు లాక్ ఫైలు పెట్టుకోకపోతే మేమేం చేస్తాం?" అని జవాబిచ్చి, డబ్బు తిరిగి ఇమ్మని అడిగిన వెంటనే నా ఫిర్యాదు టికెట్ మూసేశారు. (లాక్ ఫైలు అంటే ఏ లైబ్రరీ ఏ వెర్షన్ వాడాలో ఖాయం చేసే ఫైలు.) ఆ లైబ్రరీని ఎంచుకున్నది వారు. అది లోపల ఉందని కొనేముందు నాకు ఎక్కడా చెప్పలేదు. నా డబ్బు తీసుకున్నది వారే తప్ప, దాన్ని ఉచితంగా రాసిపెట్టిన మనిషి కాదు. ఆ మనిషి మీదికి నెట్టి తప్పుకోవడం డబ్బు పోయినదానికన్నా నన్ను ఎక్కువ బాధించింది.

లాక్ ఫైలు విషయంలో మాత్రం తప్పు నాదే. కోడ్ మార్పులు మెర్జ్ చేసిన (కలిపిన) ప్రతిసారీ గొడవ వస్తోందని దాన్ని గిట్‌లోంచి, అంటే కోడ్ మార్పుల చరిత్ర దాచే చోటు నుంచి, నేనే తీసేశాను. 2022 జనవరిలో కలర్స్ లైబ్రరీలో దాని రచయితే అంతులేని లూప్ పెట్టి విడుదల చేసినప్పుడు, దానిపై ఆధారపడిన ప్రోగ్రాములు ఆగిపోయిన సంగతి చదివి కూడా, వెర్షన్ ముందున్న క్యారెట్ గుర్తును (^, అదే ప్రధాన వెర్షన్‌లో కొత్తది వస్తే దాన్ని తెచ్చుకోవచ్చని చెప్పేది) నేను పట్టించుకోలేదు. నన్ను నమ్మిన దుకాణం యజమాని గారు ఇప్పుడు తన అకౌంటెంటుతో కూర్చుని ఒక్కొక్క బిల్లూ సరిచేసుకుంటున్నారు.

కొనేముందు డిపెండెన్సీల (అది లోపల వాడుకునే లైబ్రరీల) జాబితా అడిగి తీసుకోండి. లాక్ ఫైలును గిట్‌లో ఉంచి, సర్వర్ మీద లైబ్రరీలు దింపడానికి ఎన్‌పీఎం ఇన్‌స్టాల్ కమాండుకు బదులు, లాక్ ఫైలులోని వెర్షన్లనే దింపే ఎన్‌పీఎం సీఐ వాడండి. ఈ కాంపొనెంట్ ఇప్పటికే వాడుతున్నవారు ఈ రాత్రి 12 దాటాక ఒక బిల్లు కొట్టి, దాని మీద తేదీ చూసుకోండి.