మూడు రకాల కంప్యూటర్లు, ఒక్క లేజర్ ప్రింటర్: నాలుగేళ్లు వాడాక

గుంటూరు బ్రాడీపేటలో ఆరుగురం పనిచేసే చిన్న ఆఫీసు మాది. జీఎస్‌టీ రిటర్నులు, అద్దె అగ్రిమెంట్లు, అప్పుడప్పుడు కరపత్రాల డిజైన్లు. లెక్కలు రాసే ట్యాలీ సాఫ్ట్‌వేర్ నడిచే మూడు సిస్టమ్‌లలో విండోస్ ఉంది. డిజైన్ చేసే అమ్మాయిది మ్యాక్. ముసలివైపోయిన మరో రెండింటికి మా కుర్రాడు విండోస్ బదులు ఉబుంటు అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించాడు. అందరికీ కలిపి ప్రింటర్ ఒక్కటే. ఇప్పుడున్నది కొని నాలుగేళ్లు దాటింది. ఆ మోడల్ ఇప్పుడు దొరకడం లేదు కాబట్టి పేరు రాసి లాభం లేదు.

దీనికి ముందు ఒకటి కొని బోల్తాపడ్డాం. నిమిషానికి ఎన్ని పేజీలు, టోనర్ (సిరా బదులు వాడే పొడి) ఎంత, ఈ రెండే చూసి తెచ్చాం. విండోస్‌లో గుర్రంలా పరిగెత్తింది. ఉబుంటు నుంచి మాత్రం ఒక్క కాగితం రాలేదు. అది తనంతట తాను పేజీని తయారుచేసుకోలేని రకమట. పేజీ మొత్తాన్ని చుక్కలుగా మార్చి కంప్యూటరే దాని చేతికివ్వాలి. ఆ పని చేసే సాఫ్ట్‌వేర్‌ను, అంటే డ్రైవర్‌ను, కంపెనీ విండోస్‌కి మాత్రమే రాసింది. ఇక ఏడాదిపాటు అందరం పెన్‌డ్రైవ్ పట్టుకుని అకౌంటెంట్ సీటు చుట్టూ ప్రదక్షిణలు. నెలలో 20వ తేదీన, జీఎస్‌టీ 3బీ రిటర్నుకు ఆఖరి రోజున, "అన్నా, ఒక్క పేజీ" అని అడిగితే ఆయన చూసే చూపు ఇంకా గుర్తుంది.

రెండోసారి స్పీడు సంగతి పక్కనపెట్టి, ప్రింటర్‌కి ఏ భాషలు వచ్చో చూశాం. పోస్ట్‌స్క్రిప్ట్, పీసీఎల్, రెండూ ఉన్నదే కావాలనుకున్నాం. మొదటిది 1984లో అడోబీ తెచ్చింది, రెండోది హెచ్‌పీది. ఇవి వస్తే పేజీని ప్రింటరే అర్థం చేసుకుని గీసుకుంటుంది. మూడోది ఎయిర్‌ప్రింట్, అంటే విడిగా డ్రైవర్ ఎక్కించకుండానే నెట్‌వర్క్ మీద ప్రింట్ ఇచ్చే పద్ధతి. 2010లో యాపిల్ తన ఫోన్ల కోసం తెచ్చినా, మాకు ఎక్కువగా పనికొచ్చింది ఉబుంటులో. మ్యాక్‌లోనూ ఉబుంటులోనూ ప్రింటింగ్ చూసుకునేది కప్స్ అనే సాఫ్ట్‌వేరే. అందుకే ఎయిర్‌ప్రింట్ ఉన్న ప్రింటర్‌ను కొత్త ఉబుంటు చాలావరకు డ్రైవర్ అడక్కుండానే గుర్తుపడుతుంది.

కొనే రోజు ఉబుంటు ల్యాప్‌టాప్ పట్టుకుని విజయవాడ వెళ్లాను. "డెమో అంటే టెస్ట్ పేజీ చూపిస్తాం సార్, మీ లోడంతా ఇక్కడ దించుతారా?" అని షాపతను నవ్వాడు. దించాను. 'రాష్ట్రం', 'స్త్రీ', 'లక్ష్మి' లాంటి మాటలతో నింపిన తెలుగు పీడీఎఫ్ ఒకటి, లీగల్ సైజు అగ్రిమెంటు ఒకటి ఇచ్చి చూశాను. ఒత్తులు ఎక్కడివక్కడ పడ్డాయి. డబ్బు కట్టాను.

తెలుగు విషయంలో ఆ తర్వాత గొడవ వచ్చింది కానీ తప్పు ప్రింటర్‌ది కాదు. అను అనే పాతరకం తెలుగు ఫాంట్లతో చేసిన ఫైల్‌లో ఫాంటును పొదగకుండా (లోపలే చేర్చకుండా) పీడీఎఫ్ చేస్తే, ఆ ఫాంటు లేని సిస్టమ్‌లో తెరిచినప్పుడు అంతా పిచ్చిగీతలే. తెలుగు అక్షరాలకి సొంత కోడ్లుండే యూనికోడ్ కాదు కదా, లోపల ఉన్నవి ఇంగ్లిష్ అక్షరాల కోడ్లే. ఇప్పుడు ఫాంటు పొదిగాకే పీడీఎఫ్ బయటికి వెళ్తుంది.

మొదటి ఏడాది ఎక్కువ టెన్షన్ పెట్టింది కరెంటు కోత. కరెంటు పోయి వస్తే రౌటర్ మళ్లీ మొదలై ప్రింటర్‌కి కొత్త ఐపీ నంబరు (నెట్‌వర్క్‌లో దాని అడ్రసు) ఇచ్చేది. మ్యాక్, ఉబుంటు దాన్ని పేరుతో వెతుక్కుని పట్టుకునేవి. విండోస్ మూడూ పాత నంబరు పట్టుకుని వేలాడుతూ 'ఆఫ్‌లైన్' అనేవి. ప్రింటర్ ఎదురుగా పచ్చలైటు వెలిగించుకుని కూర్చునే ఉండేది! రౌటర్‌లో ఆ ప్రింటర్‌కి ఒక నంబరు ఖాయం చేయించి, వైఫై మానేసి కేబుల్ పెట్టాక ఆ బాధ పోయింది. దాన్ని యూపీఎస్‌కి మాత్రం తగిలించలేదు. టోనర్‌ని కాగితానికి కరిగించి అంటించే ఫ్యూజర్ వేడెక్కేటప్పుడు గుంజే కరెంటుకి మా చిన్న యూపీఎస్ ఆగదు.

ఇక స్టాంపు పేపరు కథ. అగ్రిమెంటు మొదటి పేజీ కోసం చేతితో పెట్టే ట్రేలో వంద రూపాయల స్టాంపు పెట్టి నా సీటుకి నడిచానో లేదో, గర్‌ర్‌మని శబ్దం. వెళ్లి చూస్తే స్టాంపు మీద చక్కగా మా డిజైనర్ అమ్మాయి కూతురి స్కూల్ టైమ్‌టేబుల్. సోమవారం మొదటి పీరియడ్ లెక్కలు. ఆ ట్రేలో కాగితం కనబడితే ముందు అదే లాక్కోవడం దాని అలవాటు. ఆ సెట్టింగ్ మార్చాం, అడిగితేనే ఆ ట్రే వాడాలని. అయినా ఇప్పటికీ "స్టాంపు పెట్టా, ఎవరూ ప్రింట్ ఇవ్వకండి" అని ఒక కేక పడాల్సిందే. ఆ టైమ్‌టేబుల్ గోడకి అంటించే ఉంది.

చిన్నచిన్న చిరాకులు ఉన్నాయి. మ్యాక్‌లో కొన్ని ఫైళ్లు లెటర్ సైజుతో వస్తాయి, ట్రేలో ఉన్నది ఏ4, అంతే, పసుపు లైటు మిణుకుమంటూ క్యూ మొత్తం ఆగిపోతుంది. వానాకాలంలో విప్పిన కాగితం కట్ట చెమ్మపట్టి వంకరపోయి ఇరుక్కుంటుంది. రెండు వైపులా ప్రింట్ మాత్రం మరీ నెమ్మది. టోనర్ డబ్బా మీద వేసే పేజీల లెక్క కాగితంలో నూటికి అయిదు వంతులే సిరా పడితే వచ్చేది. మా లావుపాటి తెలుగు హెడ్డింగులకి ఆ అంకె ఎన్నడూ అందలేదు. ఒకసారి రీఫిల్ చేయిస్తే నెల తిరక్కుండా పేజీ పక్కన బూడిదరంగు చార పడింది.

పోయిన నెల నుంచి డ్రమ్ (టోనర్‌ని కాగితం మీదికి చేర్చే గొట్టం) మార్చమని ప్రింటర్ అడుగుతోంది. టోనర్, డ్రమ్ వేర్వేరుగా ఉండే రకం కాబట్టి డ్రమ్ ఒక్కటే కొంటే సరిపోతుంది. ధర విని అకౌంటెంట్‌గారు "కొత్తది కొందామా?" అన్నారు. పాత పెన్‌డ్రైవ్ ఆయన టేబుల్ మీద పెట్టాను. డ్రమ్ ఆర్డరు ఆయనే పెట్టారు.