చిన్న బజారులో వేర్ల అంగడి: పొడి అడిగితే కసురుకుంటాడు

మూడేళ్ల కిందట నవంబరు ముసురులో సుగంధిపాల చూర్ణం డబ్బా మూత తీశాను. లోపల ఆకుపచ్చ బూజు. డబ్బా మీద మాత్రం సూక్ష్మజీవులను సంహరించే సహజ ఔషధమని బంగారు అక్షరాలు! ఇరవై ఎనిమిదేళ్లు ఆసుపత్రి ల్యాబులో క్రిములను పెంచే కల్చర్ ప్లేట్లు చూసినదాన్ని, నవ్వు ఆపుకోలేకపోయాను. 1928లో ఫ్లెమింగ్‌కు బూజు పట్టిన ప్లేటు దొరికితే పెన్సిలిన్ వచ్చింది. నాకు దొరికిన బూజుతో 280 రూపాయలు పోయాయి.

ఆ సంగతి విని మా వదిన చూపించిన అంగడి ఇది. నెల్లూరు చిన్న బజారులో, పాత్రల కొట్ల వరుస దాటాక, రెండు మెట్లెక్కి తల వంచి వెళ్లాలి. బోర్డు మీది అక్షరాలు ఎండకు ఎప్పుడో వెలిసిపోయాయి. లోపల గోనె సంచులు, రేకు డబ్బాలు, అన్ని వాసనలూ కలిసిన ఒకే ఘాటు. మొదటిసారి వెళ్లి సుగంధిపాల పొడి అడిగాను.

"పొడి ఇక్కడ దొరకదమ్మా. వేరు తీసుకెళ్లి ఇంట్లో కొట్టుకోండి. పొడి అయ్యాక అది వేరో చెక్క పొట్టో మీకేం తెలుస్తుంది?" అన్నాడు అంగడి యజమాని, నా ముఖం కూడా చూడకుండా.

కసురు మాటే, కానీ కాదనలేను. నేల నుంచి తవ్విన వేరు మట్టిలోని క్రిముల, బూజుల బీజాలను వెంట తెస్తుంది. వాటిలో కొన్ని కాగిన నీళ్లకూ చావవు. వేరుగా ఉన్నంతకాలం పై బెరడు కొంత కాపాడుతుంది. పొడి చేస్తే తేమ పీల్చుకుంటుంది, వాసననిచ్చే నూనె ఎగిరిపోతుంది. క్రిములతో పోరాడే సరుకు పోయి, క్రిములకు తిండి మాత్రం మిగులుతుంది. నా డబ్బాలో జరిగింది అదే.

ఇక్కడ సుగంధిపాల నూరు గ్రాములు 90 రూపాయలు. పక్క సంచిలో మారేడు గడ్డలు (బిల్వ మారేడు కాదు, వేరే మొక్క వేర్లు) ఉంటాయి. చాలా చోట్ల ఈ రెంటినీ నన్నారి అనే ఒకే పేరుతో కలిపి అమ్మేస్తారు. ఇతను విడిగా పెట్టి, అడిగినవారి చేతికి రెండూ ఇస్తాడు. సుగంధిపాల వేరు సన్నం, ముదురు గోధుమ రంగు, పై బెరడు అడ్డంగా పగుళ్లిచ్చి ఉంటుంది, లోపల గట్టి కట్టె. మారేడు గడ్డ లావు, కండ గలది. విరిచి ముక్కు దగ్గర పెట్టుకుంటే మాత్రం రెండూ ఒకే ఇంటివి. వాటి పరిమళానికి మూలమైన పదార్థంలోనూ వెనిలాలోని వెనిలిన్‌లోనూ ఉన్నవి అవే పరమాణువులు, అంతే లెక్క, అమరిక ఒక్కటే తేడా. ఆ పదార్థానికి బ్యాక్టీరియాను, బూజును అడ్డుకునే గుణం ఉంది. సూళ్లూరుపేట అవతల తమిళులు మారేడు గడ్డను మాగాళి అని ఊరగాయ పెడతారు. అయితే నన్నారి షర్బత్ నిలవ ఉండేది చక్కెర పాకం బలంతోనే. ఆ గొప్పతనాన్ని వేరుకు కట్టబెట్టకండి.

నాకు ఈ అంగడి మీద గురి కుదిరింది చిత్రమూలం దగ్గర. ఒక కుర్రవాడు తామరకు రాసుకోవాలని పచ్చి వేరు అడిగాడు. ఇతను ఇవ్వలేదు. "బొబ్బలెక్కి ఏడుస్తావు. ముందు చర్మం డాక్టరు దగ్గరికి పో" అని పంపేశాడు. తర్వాత నా ముందే చిన్న ముక్కను సున్నపు తేటలో వేశాడు. కాసేపటికి నీళ్లు ఎర్రబడ్డాయి. వైద్యులు దీన్ని శుద్ధి చేసేది అలాగేనట. ఆ ఎరుపు చిత్రమూలంలో ఉండే ప్లంబాజిన్ అనే పదార్థానిది. ప్లేటు మీద స్టాఫిలోకాకస్‌ను (పుండ్లలో చీము పట్టించే బ్యాక్టీరియా), బూజును చక్కగా అణుస్తుంది. కానీ దానికి క్రిమి కణమూ మన చర్మ కణమూ ఒకటే. ప్లేటులో మందు చుట్టూ క్రిములు పెరగక ఏర్పడే ఖాళీ వలయాన్ని చూసి మురిసిపోయే కుర్ర టెక్నీషియన్లకు నేను చెబుతూ వచ్చింది ఇదే: ఆ వలయాన్ని బ్లీచింగు నీళ్లూ ఇస్తాయి.

మాని పసుపు అని ఇచ్చేది నిజానికి వేరు కాదు, తీగ కాండం ముక్క. అడిగితే ఒప్పుకున్నాడు. క్రిములను అణిచే పసుపు రంగు పదార్థం బెర్బెరిన్ కాండంలోనూ ఉంటుంది కాబట్టి నేను గొడవ పెట్టుకోలేదు. బెర్బెరిన్ కథ నాకు ఇష్టం. స్టాఫిలోకాకస్ దాన్ని లోపలికి వచ్చింది వచ్చినట్టే పంపు పెట్టి బయటికి తోడేస్తుంది. బెర్బెరిస్ జాతి మొక్కల ఆకుల్లో ఆ పంపును మూసేసే మరో పదార్థం ఉందని 2000లో అమెరికా పరిశోధకులు చూపించారు. అది ఒక్కటే అయితే క్రిమిని ఏమీ చేయదు, బెర్బెరిన్ తోడు ఉంటేనే పనికొస్తుంది. మింగిన బెర్బెరిన్‌లో రక్తానికి చేరేది మాత్రం అత్యల్పం. పేగుల్లో పనిచేస్తే చేయాలి.

ఇక లోపాలు. నగదు తప్ప తీసుకోడు. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగు దాకా తలుపులు మూసే ఉంటాయి, రెండుసార్లు ఎండలో వెనక్కి వచ్చాను. అతిమధురం అడిగితే మాట్లాడకుండా తూచి ఇచ్చాడు. రోజూ తింటే రక్తపోటు పెరుగుతుంది, పొటాషియం తగ్గుతుంది. నేను బీపీ మాత్రలు వేసుకునే మనిషిని. చిత్రమూలం దగ్గర చూపిన జాగ్రత్త ఇక్కడేమైంది?

అంతకన్నా పెద్దది వస కొమ్ము. పసిపిల్లల చేతికి కట్టే వస దండలు గుమ్మం దగ్గరే వేలాడదీశాడు. బిడ్డ వాటిని నోట్లో పెట్టుకోదా? వసలోని బీటా-అసరోన్ అనే హానికర పదార్థం కారణంగా అమెరికాలో 1968లోనే దాన్ని ఆహారంలో వాడకుండా నిషేధించారు. ఆ మాట చెప్పి, "అబ్బయ్యా, ఇవి లోపల పెట్టు" అన్నాను. "మా అమ్మ నాకూ కట్టిందమ్మా" అని నవ్వాడు. కిందటి వారం సుగంధిపాల కోసం వెళ్లాను. వేరు ఎప్పటిలాగే మేలిరకం. దండలు ఇంకా గుమ్మానికే ఉన్నాయి, పైగా ఈసారి ఎర్ర దారంతో కట్టినవి కూడా.