రోడ్డు ప్రయాణానికి రైఫిల్: వెంట తీసుకెళ్లడం మేలా, ఇంట్లో ఉంచడం మేలా?

అమెరికాలో పౌరసత్వమో గ్రీన్‌కార్డో వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో తుపాకీ కొనుక్కున్నవారు ఉన్నారు. పిల్లలతో టెక్సస్ నుంచి యెల్లోస్టోన్ నేషనల్ పార్కుకు కారులో బయలుదేరే ముందు ఇంట్లోని రైఫిల్‌నో షాట్‌గన్‌నో డిక్కీలో పెట్టుకోవాలా అన్న ఆలోచన వారికి తప్పకుండా వస్తుంది. హెచ్-1బీ, ఎఫ్-1 వీసాల మీద ఉన్నవారికి మాత్రం ఈ ఆలోచనే అనవసరం. వేట లైసెన్సు వంటి కొద్ది మినహాయింపులు తప్ప, తుపాకీనే కాదు, తూటాను దగ్గర ఉంచుకోవడం కూడా వారికి ఫెడరల్ నేరం, దేశం విడిచి వెళ్లవలసి రావచ్చు కూడా. అందువల్ల అటువంటి స్నేహితుడు మీ కారులో వస్తున్నట్లయితే తుపాకీ ఇంట్లోనే ఉండాలి.

రైఫిల్ బలమైన ఆయుధమే, గురి కూడా పిస్టల్ కంటే బాగా కుదురుతుంది. అయితే ఆ బలం ప్రయాణంలో మన చేతికి అందుతుందా అన్నది అసలు ప్రశ్న. తుపాకీ చట్టబద్ధమైన ఒక రాష్ట్రం నుంచి అటువంటి మరో రాష్ట్రానికి వెళ్తూ దారిలోని రాష్ట్రాలను దాటేవారికి 1986 నాటి ఫెడరల్ చట్టం రక్షణ ఇస్తుంది. కానీ తుపాకీ ఖాళీగా ఉండాలి, తుపాకీ గాని తూటాలు గాని సీట్లో కూర్చున్నవారికి అందకూడదు, విడిగా డిక్కీ లేని ఎస్‌యూవీలో అయితే తాళం వేసిన పెట్టెలో ఉండాలి, గ్లవ్ బాక్సు చాలదు. తూటాలు నింపిన రైఫిల్‌ను కారులో ఉంచడాన్ని పెన్సిల్వేనియా, వాషింగ్టన్ వంటి రాష్ట్రాలు పిస్టల్‌ను వెంట ఉంచుకునే లైసెన్సు ఉన్నవారికి సైతం నిషేధించాయి. ఆ విధంగా సామాన్ల కింద పెట్టెలో ఉన్న ఖాళీ రైఫిల్ రోడ్డు మీద ఎదురయ్యే ఆపదకు పనికిరాదు.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది రాత్రి బస. పదకొండు గంటలకు మోటెల్ చేరుకుంటాము, ఒక చేతి మీద నిద్రపోతున్న పిల్ల, ఇంకో చేతిలో నాలుగడుగుల పెట్టె. ఆ పెట్టెలో ఏముందో పార్కింగులో నిలబడ్డ ప్రతివారికీ అర్థమవుతుంది. గదిలోకి తెస్తే పిల్లల మధ్య ఉంటుంది, కారులో వదిలితే అద్దం పగలగొట్టినవాడి పాలవుతుంది. మన దారిలోని కొలరాడోలో 2025 జనవరి నుంచి, మనుషులు లేని కారులో వదిలే తుపాకీ పైకి కనిపించకుండా తాళం వేసిన పెట్టెలో ఉండి తీరాలి.

పిస్టల్ ఈ ఇబ్బందిని కొంత తగ్గిస్తుంది, అయితే ఒక రాష్ట్రం ఇచ్చిన లైసెన్సు అన్ని రాష్ట్రాల్లోనూ చెల్లదు. ఇక ఎలుగుబంట్ల భయమే కారణమైతే బేర్ స్ప్రే, అంటే మీదికి వచ్చే ఎలుగుబంటిపై చిమ్మే మిరప ఘాటు స్ప్రే, చాలా మేలు. నేషనల్ పార్కుల్లో 2010 నుంచి రాష్ట్ర చట్టం ప్రకారం తుపాకీ ఉంచుకోవచ్చు, కానీ యెల్లోస్టోన్‌లో పేల్చడం నిషేధం, సందర్శక కేంద్రాల్లోకి తీసుకెళ్లడమూ నిషేధమే. నడుముకు తగిలించుకున్న స్ప్రే డబ్బాకు పెట్టె తాళం తీసే పని ఉండదు, దానికి సూటిగా గురి చూడవలసిన అవసరమూ తక్కువే. అందుచేత కుటుంబంతో చేసే ఇటువంటి ప్రయాణానికి రైఫిల్‌ను ఇంట్లో తాళం వేసి ఉంచడమే మేలని నా నిశ్చితాభిప్రాయం.

నా తూకం రైఫిల్ వైపు మొగ్గేది ఒక్క అలాస్కా దారిలోనే, అదీ జనసంచారం లేని చోట్ల గుడారాలు వేసుకునేవారికి, తుపాకీ వాడకంలో అలవాటు ఉన్నవారికి మాత్రమే. దారి కెనడా గుండా వెళ్తుంది, పిస్టల్‌ను అక్కడికి తీసుకెళ్లడం సామాన్య యాత్రికునికి సాధ్యం కాదు. వేటకు వాడే సాధారణ రైఫిల్‌ను, షాట్‌గన్‌ను మాత్రం సరిహద్దులో రాతపూర్వకంగా ప్రకటించి, 25 కెనడా డాలర్లు చెల్లించి తీసుకెళ్లవచ్చు. కెనడా 2020లో నిషేధించిన ఏఆర్-15 తరహా (సైనిక రైఫిళ్లను పోలిన) తుపాకులు కుదరవు. మనుషుల నుంచి ఆత్మరక్షణ అన్న కారణాన్ని అక్కడ అంగీకరించరు, మారుమూల ప్రాంతంలో వన్యమృగాల నుంచి రక్షణ అన్నది చెల్లుతుంది. ఆ ప్రకటన ఫారం ఇంటివద్దే పూర్తిచేసుకోండి, సంతకం మాత్రం సరిహద్దు అధికారి ఎదుటే చేయాలి.