పది అయింది సరే, ఇంటరా పాలిటెక్నిక్కా? ఏది మేలు?

పది పాసయ్యారు కదా, ముందు మీ అందరికీ శుభాకాంక్షలు. 600కి 590 తెచ్చుకున్నవాళ్లకూ, 300తో గట్టెక్కినవాళ్లకూ, సప్లిమెంటరీ రాసి గట్టెక్కబోయేవాళ్లకూ. ఫలితాలు ఫోన్‌లో చూసుకున్న పది నిమిషాలకే ఇంట్లో మొదలయ్యే మాట ఒకటుంది, ఇంటర్‌లో చేరతావా, పాలిటెక్నిక్‌కి పోతావా అని. పక్కింటి వాళ్లు ఒకటి చెప్తారు, బడిలో సారు ఇంకోటి చెప్తారు, కాలేజీల పీఆర్‌వోలు అయితే మార్కులు చూసి నేరుగా ఇంటికే వచ్చేస్తారు. మీకేమో 15 ఏళ్లు.

మాది పాకాల దగ్గర పల్లె. నాలుగెకరాల తోతాపురి తోట తప్ప వేరే ఆధారం లేదు. నేను 2009లో పది పాసయ్యాను, పాలిటెక్నిక్‌లో చేరడానికి రాసే, ఇప్పుడు పాలిసెట్ అంటున్న పరీక్షను అప్పట్లో సీప్ అనేవాళ్లు. ఆ వేసవంతా మా ఇంట్లో ఒకటే చర్చ. మా మామ ఎంపీసీలో వేయమంటాడు, మా అమ్మ తిరుపతిలో హాస్టల్ అంటే భయపడుతుంది, మా నాయన మాత్రం నోరు విప్పడు, ఆయన లెక్కంతా కాయ మీదే. మామిడి ఫ్యాక్టరీకి పోయేదీ జూన్‌లోనే, కాలేజీలో డబ్బు కట్టాల్సిందీ జూన్‌లోనే, దామలచెరువు మండీలో టన్ను ఎంత పలికితే ఆ ఏడాది మా చదువు అంత. ఈ జిల్లాలో చాలా ఇళ్లు ఇప్పటికీ ఇంతే, అందుకే ర్యాంకుల గురించి కాకుండా ఇంటి గురించి కూడా ఆలోచించి మాట్లాడుకుందాం.

అప్పుడు నన్ను ఎవరూ అడగని రెండు ప్రశ్నలు మిమ్మల్ని అడుగుతాను. చదువు మధ్యలో ఆగిపోతే నీ చేతిలో ఏం మిగులుతుంది? చదువు మధ్యలో మనసు మారితే నువ్వు ఎటు తిరగొచ్చు? ఇంటర్ గొప్పా, పాలిటెక్నిక్ గొప్పా అని ఊరికే వాదించుకుంటే తేలదు గానీ, ఈ రెండూ అడిగి చూడండి, ఎవరికి ఏది మేలో దాదాపు తేలిపోతుంది.

ఇంజనీరింగే లక్ష్యం అనుకుంటే రెండు దారులకూ పట్టే కాలం ఒకటే, ఈ సంగతి చాలామంది గమనించరు. ఇంటర్ రెండేళ్లు, బీటెక్ నాలుగేళ్లు, మొత్తం 6. పాలిటెక్నిక్‌లో డిప్లొమా మూడేళ్లు, ఆ తర్వాత డిప్లొమా వాళ్లకుండే ఈసెట్ అనే ప్రవేశ పరీక్ష రాస్తే బీటెక్ నేరుగా రెండో ఏడాదిలో చేరతారు కాబట్టి ఇంకో మూడేళ్లు, ఇదీ 6. "పాలిటెక్నిక్‌కి పోతే ఒక సంవత్సరం వేస్ట్" అనే మాట అందుకే తప్పు. తేడా అంతా మధ్యలో ఉంది. మూడో ఏడాది చివర డిప్లొమా పిల్లవాడి చేతిలో ఉద్యోగానికి పనికొచ్చే సర్టిఫికెట్ ఉంటుంది, అదే సమయానికి ఇంటర్ పిల్లవాడు బీటెక్ మొదటి ఏడాది పరీక్షలు రాసి ఉంటాడు, అక్కడ ఆగిపోతే అతని దగ్గర మిగిలేది ఇంటర్ మెమో ఒక్కటే.

నాకు ఈ తేడా మెకానికల్ డిప్లొమా ఆఖరి పరీక్షలు అయిన నెలకే తెలిసొచ్చింది. మా నాయన కాయ కోస్తూ కొమ్మ విరిగి కిందపడి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నాడు. ఆ ఏడాది కాయ డబ్బంతా ఆస్పత్రికే పోయింది. నేను రేణిగుంట దగ్గర ఒక ఫ్యాక్టరీలో చేరాను, రెండేళ్లు షిఫ్టుల్లో పనిచేశాను, ఇంట్లో కొంచెం తెరిపిన పడ్డాక ఈసెట్ రాసి బీటెక్ పూర్తి చేశాను. నాతో పది చదివిన స్నేహితుడు, నాకంటే మార్కులు ఎక్కువ, వాళ్ల ఇంట్లోనూ అలాంటి కష్టమే వచ్చింది. అప్పటికి బీటెక్ రెండో ఏడాదిలో ఉన్నాడు. ఆగిన చదువు ఆగిపోయింది. వాడి తెలివికేం తక్కువ లేదు, ఆ రోజు చేతిలో కాగితం లేదంతే. ఇది తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

అలాగని పాలిటెక్నిక్ అందరికీ అని చెప్పను. అక్కడ మొదటి ఏడాది గట్టిగా ఉంటుంది. తెలుగు మీడియంలో చదివి వచ్చినవాళ్లకు లెక్కలు, ఫిజిక్సు ఒక్కసారిగా ఇంగ్లీషులో కనపడతాయి, నా పక్క బెంచీ వాళ్లలో సగం మందికి లెక్కల్లో బ్యాక్‌లాగ్ పడింది. డ్రాయింగ్ క్లాసులో బల్లకు మినీ డ్రాఫ్టర్ అనే గీతల పరికరం బిగించి షీటు మీద గీతలు గీస్తుంటే, ఒక గీత లావైందని సారు షీటంతా మళ్లీ గీయించేవారు. వర్క్‌షాపులో ఇనప ముక్కను వైస్‌లో బిగించి ఆకురాయితో రుద్దుతూ, మట్టం పెట్టి చూస్తే మూలలో సన్నగా వెలుతురు కనపడేది, ఆ వెలుతురు పోయేదాకా మళ్లీ రుద్దాలి. అరచేతులు బొబ్బలెక్కేవి. నాకు ఆ పని నచ్చింది. నచ్చనివాళ్లూ ఉన్నారు, వాళ్లకు మూడేళ్లు చాలా బరువుగా గడిచాయి. ఇంట్లో మిక్సీ పాడైతే విప్పి చూడాలనిపించే పిల్లలు, మోటారు స్టార్టర్ దగ్గర నాయన పక్కన నిలబడి చూసే పిల్లలు, మీకు ఇక్కడ బాగుంటుంది.

మనకు దగ్గర్లో కాలేజీలకూ కొదవ లేదు. తిరుపతిలో ఎస్వీ ప్రభుత్వ పాలిటెక్నిక్ ఉంది, ఆడపిల్లలకు టీటీడీ వాళ్ల పద్మావతి మహిళా పాలిటెక్నిక్ ఉంది, పలమనేరులో మహిళా పాలిటెక్నిక్ ఉంది. చదివాక పని ఎక్కడ అంటే శ్రీసిటీ, రేణిగుంట చుట్టుపక్కల ఫ్యాక్టరీలు, రైల్వేలో జేఈ (జూనియర్ ఇంజనీర్) పరీక్షలు ఉన్నాయి, 2019లో గ్రామ సచివాలయాల ఇంజనీరింగ్ అసిస్టెంట్ పోస్టులకు కూడా డిప్లొమా వాళ్లు అర్హులయ్యారు.

ఇప్పుడు రెండో ప్రశ్న, మనసు మారితే? ఇక్కడ మాత్రం ఇంటరే మేలు, అనుమానం లేదు. పాలిటెక్నిక్‌లో 15 ఏళ్లకే సివిలా, ఎలక్ట్రికలా, కంప్యూటరా అని తేల్చేసుకోవాలి. ఇంటర్ అయితే ఆ నిర్ణయం రెండేళ్లు వెనక్కి పోతుంది, ఆ రెండేళ్లలో మనిషి చాలా ఎదుగుతాడు. డాక్టరు, పశువైద్యం కావాలంటే బైపీసీ ఉండాల్సిందే, వ్యవసాయానికీ మామూలు దారి అదే. 2015లో తిరుపతిలో మొదలైన ఐఐటీ, సైన్సు చదువుల ఐసర్ ఇప్పుడు ఏర్పేడు దగ్గర ఉన్నాయి, ఐఐటీలో చదవాలనుకునేవాళ్లకు ఇంటర్‌లో ఎంపీసీ, ఐసర్‌కు ఎంపీసీ గానీ బైపీసీ గానీ మామూలు దారి. టీచర్ కావాలన్నా, లా చదవాలన్నా, ఎస్వీ ఆర్ట్స్‌లోనో పద్మావతి మహిళా డిగ్రీ కాలేజీలోనో డిగ్రీ చేయాలన్నా ఇంటరే మెట్టు. లెక్కలూ జీవశాస్త్రమూ రెండూ వదలలేనివాళ్ల కోసం 2025-26 నుంచి ఎంబైపీసీ కూడా వచ్చింది. ఏం కావాలో ఇంకా తెలియదు అనేవాళ్లు దయచేసి సిగ్గుపడకండి, తెలియకపోవడం తప్పు కాదు, ఇంటర్‌లో చేరండి.

కానీ ఇంటర్ అంటే తిరుపతిలో పెద్ద హాస్టల్ కాలేజీయే అనుకోకండి. నా తమ్ముణ్ణి అలాంటి ఒకచోట చేర్పించాం. పొద్దున 5 గంటలకు లేపి రాత్రి 10 దాకా స్టడీ అవర్స్, ఆదివారం పరీక్ష, ఫోన్ చేస్తే రెండు నిమిషాలు. మూడు నెలలకు వాడు తిండి మానేసి చిక్కిపోయాడు. ఇంటికి తెచ్చుకుంటామంటే కట్టిన డబ్బు వెనక్కి ఇవ్వలేదు, టీసీ కోసం నాలుగుసార్లు తిరిగాం. మా అమ్మ ఆ కాలేజీ మెట్ల మీద కూర్చుని ఏడ్చింది. తర్వాత వాడు ప్రభుత్వ జూనియర్ కాలేజీలో చేరి, రోజూ ఇంటి నుంచే పోయి వస్తూ, మంచి మార్కులతో పాసయ్యాడు. ప్రభుత్వ జూనియర్ కాలేజీల్లో 2025 జనవరి నుంచి మధ్యాహ్నం భోజనం పెడుతున్నారు, అదే ఏడాది ఆగస్టు 15 నుంచి ఆడపిల్లలకు పల్లెవెలుగు బస్సులో ప్రయాణం ఉచితం. చంద్రగిరి నుంచో పాకాల నుంచో వచ్చిపోయే పాపకు ఇది చిన్న విషయం కాదు. హాస్టల్ కాలేజీలో చేరి చక్కగా చదువుకున్నవాళ్లూ ఉన్నారు, అది పిల్లల స్వభావాన్ని బట్టి. చేర్చే ముందు, మానేస్తే ఎంత వెనక్కి ఇస్తారో కాగితం మీద రాయించుకోండి.

ఐటీఐని చిన్నచూపు చూసేవాళ్లకు ఒక్క మాట. ఎలక్ట్రీషియన్, ఫిట్టర్ రెండేళ్లు, వెల్డర్ ఒక్క ఏడాదే, ఇల్లు త్వరగా నిలబెట్టాల్సిన పిల్లలకు ఇది గౌరవమైన దారి. ఐటీఐ చేసినవాళ్లు డిప్లొమా రెండో ఏడాదిలో చేరే వీలూ ఉంది. పదిలో చాలా మంచి మార్కులు వచ్చినవాళ్లు ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీకి దరఖాస్తు పెట్టడం మరవకండి, ఎంట్రన్స్ లేదు, పది మార్కులతోనే ఆరేళ్ల చదువు.

నా తీర్పు అడిగితే ఇదీ. ఇంట్లో రాబడి నికరంగా లేదు, నీకు చేతిపని ఇష్టం, ఇంజనీరింగ్ వైపే మనసుంది అంటే ప్రభుత్వ పాలిటెక్నిక్ మేలు, కళ్లు మూసుకుని చెప్తాను. ఇంకేదైనా కావాలన్నా, ఏం కావాలో తేలకపోయినా, ఇంటి దగ్గరి జూనియర్ కాలేజీ మేలు. మార్కులు తక్కువ వచ్చాయని పాలిటెక్నిక్, ఎక్కువ వచ్చాయని ఎంపీసీ, ఈ లెక్క మాత్రం వదిలేయండి. రెండింటికీ కావలసిన కుల, ఆదాయ సర్టిఫికెట్లకు సచివాలయంలో ఇప్పుడే దరఖాస్తు పెట్టండి, పాలిసెట్ కౌన్సెలింగ్‌కి నాలుగో తరగతి నుంచి పది దాకా స్టడీ సర్టిఫికెట్లు అడుగుతారు, బడులు తెరిచేదాకా ఆగితే పరుగులు పెట్టాల్సి వస్తుంది.

మా అక్క కూతురు కూడా ఈ ఏడాదే పది పాసయింది. పలమనేరులో పశుసంవర్ధక పాలిటెక్నిక్ రెండేళ్లే, త్వరగా పనిలో పడొచ్చని మా బావ అంటాడు. పాపకేమో ఆవులంటే ప్రాణం, పోయిన నెల జెర్సీ ఆవు ఈనలేక రాత్రంతా అవస్థ పడుతుంటే లాంతరు పట్టుకుని తెల్లారేదాకా పక్కనే కూర్చుంది. ఈ రెండు ప్రశ్నలూ తననీ అడిగాను. కాసేపు ఆలోచించి, "మధ్యలో ఆగితే మనకు పాడి ఉంది కదా మామా, ఆ రోజు వచ్చిన డాక్టరమ్మ తిరుపతి వెటర్నరీ కాలేజీలోనే చదివిందంట, నేనూ అక్కడే చదువుతా" అంది. సోమవారం బైపీసీకి అప్లికేషన్ తీసుకోవడానికి నేనూ తనతో పోతున్నాను.