పాత ల్యాప్‌టాప్‌కు యూవీ ఊపిరి

ఎస్పీ రోడ్డులో కొన్న నా పాత ల్యాప్‌టాప్‌లో డిస్కు 256 జీబీయే. పైథాన్ లైబ్రరీలను దించిపెట్టే పిప్ అనే సాధనం, ప్రతి వర్చువల్ ఎన్విరాన్‌మెంట్‌లోనూ (ఒక్కో ప్రాజెక్టుకు విడిగా ఉండే పైథాన్ అర) డేటా విశ్లేషణ లైబ్రరీ పాండాస్‌ను మళ్లీ కాపీ చేసేది. ప్రాజెక్టులు పెరిగేకొద్దీ డిస్కు కిక్కిరిసిపోయేది. పిప్ పనే చేసే, 2024లో ఆస్ట్రల్ సంస్థ విడుదల చేసిన యూవీ (uv) అనే సాధనానికి మారాక ఆ బెంగ తీరింది. లినక్స్‌లో ఇది లైబ్రరీని ఉమ్మడి క్యాషేలో (అందరికీ ఒకే నిల్వ) ఉంచి, ప్రాజెక్టులకు సాధారణంగా హార్డ్ లింకులు (డిస్కులో ఉన్న అదే ఫైలుకు మరో పేరు) మాత్రమే ఇస్తుంది. వేగం సంగతి సరేసరి, వేగంగా నడిచే రస్ట్ భాషలో రాశారు మరి!

ప్రాజెక్టు ఫైలు (pyproject.toml), దాంతోపాటు ఏ లైబ్రరీ ఏ వెర్షనో రాసి ఉండే లాక్ ఫైలు పంపితే చాలు, విజయవాడలో ఉన్న మా సహోద్యోగి ‘యూవీ సింక్’ అనగానే నా వెర్షన్లే అక్కడా దిగుతాయి. ఒకటే చిరాకు: ఇది సృష్టించిన ఎన్విరాన్‌మెంట్‌లో పిప్ ఉండదు. కావాలంటే దాన్ని సృష్టించేటప్పుడే ‘సీడ్’ (--seed) అని అడగాలట! కొత్తగా చేరినవాళ్లకు ఇది విడమరిచి చెప్పలేక చస్తున్నాను. అందుకే అయిదుకు నాలుగు నక్షత్రాలు.