టెస్టర్ ఓకే అంటుంది, కంప్యూటర్ మాత్రం లేవదు

తెనాలిలో మాది చిన్న డీటీపీ షాపు. శుభలేఖలు, కరపత్రాలు, బిల్లుబుక్కులు, మధ్యమధ్యలో ఆధార్ ప్రింట్లు. మూడు డెస్క్‌టాప్‌లు, మూడూ అసెంబుల్డే. 2018 మాఘమాసంలో పదకొండు శుభలేఖల ఆర్డర్లు చేతిలో ఉండగా, పేజీలు కూర్చే పేజ్‌మేకర్, తెలుగు అను ఫాంట్లు ఉన్న మిషన్ ఒకరోజు పొద్దున్నే ఆన్ అవ్వలేదు. బటన్ నొక్కితే ఫ్యాన్ తిరగదు, లైటు వెలగదు. పిలిచిన కుర్రాడు మూత తీసి, దుమ్ము ఊది, రెండు నిమిషాలు అటూ ఇటూ చూసి "మదర్‌బోర్డు పోయిందన్నా" అన్నాడు. ఆ టెన్షన్‌లో సరే అన్నాను. నాలుగు వేల చిల్లర పోసి కొత్త బోర్డు వేస్తే, దాంతో కూడా ఉలుకూ పలుకూ లేదు. చివరికి తేలిందేమిటంటే పోయింది ఎస్‌ఎంపీఎస్, అంటే గోడ కరెంటుని లోపలి భాగాలకి సరిపడేలా మార్చి ఇచ్చే పెట్టె. ఆ "పోయిన" బోర్డు ఆ తర్వాత మా రెండో మిషన్‌లో ఐదేళ్లు పనిచేసింది.

ఆ కడుపుమంటతోనే ఆన్‌లైన్‌లో ఒక ఎస్‌ఎంపీఎస్ టెస్టర్ కొన్నాను, నాలుగు వందల యాభై రూపాయలకి. ఏడేళ్లు దాటింది. మా మూడు మిషన్లే కాదు, వీధిలో వాళ్లవి, చుట్టాలవి కలిపి ముప్పై నలభై సార్లు వాడి ఉంటాను. ఇలాంటి వస్తువుల మీద కొన్న రెండో రోజే ఐదు నక్షత్రాలు ఇచ్చేసేవాళ్లే ఎక్కువ కాబట్టి, వాడి వాడి అరగదీశాక రాస్తున్నాను.

అరచేతిలో ఇమిడే నల్ల డబ్బా. మీద చిన్న తెర. ఒక చివర మదర్‌బోర్డు మీద ఉండేలాంటి 24 పిన్నుల సాకెట్, చుట్టూ ప్రాసెసర్ ప్లగ్గుకి, హార్డ్ డిస్కులకి కరెంటిచ్చే సాటా, పాత మోలెక్స్ ప్లగ్గులకి వేరే సాకెట్లు. క్యాబినెట్‌లో వైర్లు పీకి దీంట్లో గుచ్చి, వెనక స్విచ్ వేస్తే చాలు. మామూలుగా ఎస్‌ఎంపీఎస్ తనంతట తాను ఆన్ అవ్వదు. దాని ఆకుపచ్చ వైరుని నల్ల వైరుతో బోర్డు కలిపితేనే లేస్తుంది. ఆ పని ఈ డబ్బా చేస్తుంది. జెమ్ క్లిప్ వంచి ఆ రెండు వైర్ల మధ్య పెట్టినా లేస్తుంది, నేనూ చేశాను. కానీ ఫ్యాన్ తిరుగుతోందన్న సంగతి తప్ప క్లిప్ ఇంకేమీ చెప్పదు. ఇది అంకెలు చూపిస్తుంది. 12 వోల్టులు 11.4 నుంచి 12.6 మధ్య ఉండాలి, 5 వోల్టులు 4.75 నుంచి 5.25 మధ్య. అసలు రానిచోట ఎల్ఎల్ అని వేసి కీచుమని అరుస్తుంది.

చాలామంది పట్టించుకోని అంకె ఒకటుంది, పీజీ. పవర్ గుడ్ అన్నమాట. వోల్టేజీలు నిలకడకి వచ్చాయి, ఇక నువ్వు మొదలుపెట్టుకో అని ఎస్‌ఎంపీఎస్ బోర్డుకి ఊపే పచ్చజెండా. ఎన్ని మిల్లీసెకండ్లకి ఊపిందో తెర మీద పడుతుంది. 100కీ 500కీ మధ్య ఉంటే మంచిది. మా పక్క జిరాక్స్ షాపు మిషన్‌లో ఫ్యాన్లన్నీ తిరిగేవి, ఇంకేమీ జరిగేది కాదు. ర్యామ్ తీసి రబ్బరుతో రుద్దడం, సెల్లు మార్చడం అన్నీ అయ్యాక డబ్బా పెట్టి చూస్తే వోల్టేజీలన్నీ బాగానే ఉన్నాయి, పీజీ దగ్గర మాత్రం సున్నా. ఎస్‌ఎంపీఎస్ మార్చగానే లేచింది. ఈ ఒక్క కేసుతోనే నా నాలుగు వందల యాభై గిట్టుబాటయింది.

అయితే సగం కేసుల్లో డబ్బా బయటికి తీయాల్సిన పనే పడదు. మా అత్తయ్య ఫోన్ చేసి "కంప్యూటర్ చచ్చిపోయింది నాయనా" అంటే బండేసుకుని వెళ్లాను. వెనక ఎస్‌ఎంపీఎస్ మీద ఉండే చిన్న స్విచ్ సున్నా వైపు ఉంది. ముందురోజు పండక్కి ఇల్లు దులిపారట. అప్పట్నుంచి ఎవరు పిలిచినా ముందు అదే స్పైక్ బాక్స్ రంధ్రంలో ఫోన్ ఛార్జర్ పెట్టమంటాను, తర్వాత ఆ వెనక స్విచ్ చూడమంటాను, ఆపైన వైరు గోడ నుంచి పీకేసి పవర్ బటన్ అర నిమిషం నొక్కి పట్టుకుని మళ్లీ పెట్టమంటాను. కరెంటు ఎగిరిపడినప్పుడు ఎస్‌ఎంపీఎస్ తనను తాను కాపాడుకోడానికి బిగుసుకుపోతుంది, మెయిన్ తీసి కాసేపు ఆపితే గానీ ఆ బిగువు వదలదు. ఎండాకాలంలో కరెంటు పోయి వచ్చాక ఇలా ఎన్నోసార్లు బతికింది.

ఇంకోటి, "ఆన్ అవ్వట్లేదు" అని వచ్చేవాళ్లలో సగం మందిది అసలు ఆన్ అవ్వకపోవడం కాదు, డిస్‌ప్లే రాకపోవడం. ఫ్యాన్ తిరుగుతోందా అని ముందు అడగాలి.

ఇక ఈ డబ్బా నన్ను నిలువునా ముంచిన సంగతి. 2021 వానాకాలం. అదే పేజ్‌మేకర్ మిషన్. పొద్దున బటన్ నొక్కితే ఏమీ ఉండదు. పదిసార్లు నొక్కితే ఒకసారి ఫ్యాన్ అర చుట్టు తిరిగి ఆగుతుంది. అలా విసుగొచ్చి స్విచ్ వేసే ఉంచి టీ తాగొచ్చి నొక్కితే, ఏమీ జరగనట్టు లేచి కూర్చుంటుంది. మధ్యాహ్నం ఎన్నిసార్లు ఆపి వేసినా ఇబ్బంది లేదు. మర్నాడు పొద్దున మళ్లీ అదే కథ. టెస్టర్ పెట్టాను: 12.1, 5.0, 3.3, పీజీ 280. బంగారం లాంటి అంకెలు. దాన్ని నమ్మి ఎస్‌ఎంపీఎస్‌ని వదిలేసి మిగతా అన్నిటి మీదా పడ్డాను. బటన్ అనుమానం వచ్చి దాని వైరు పీకి, బోర్డు మీద పవర్ స్విచ్ పిన్నులు రెండూ స్క్రూడ్రైవర్ మొనతో తాకించాను. అదే తీరు. ర్యామ్‌లు ఒక్కొక్కటీ మార్చాను, హార్డ్ డిస్కులు పీకాను, గుండ్రటి సెల్లు, అదే సీఆర్2032, కొత్తది వేశాను. వారం పోయింది.

చివరికి ఎలక్ట్రీషియన్ బాబాయ్ దగ్గర వోల్టులు కొలిచే మల్టీమీటర్ అడిగి తెచ్చి, ప్లగ్గు బోర్డుకి తగిలించి ఉండగానే వెనక నుంచి ఊదారంగు వైరులోకి మొన దూర్చాను. కంప్యూటర్ ఆపేసి ఉన్నా బోర్డుకి ఎప్పుడూ 5 వోల్టులు ఇస్తూ ఉండాల్సిన వైరు అది. బటన్ నొక్కిన సంగతి బోర్డుకి తెలిసేది ఆ కరెంటుతోనే. టెస్టర్‌లో 5.1 చూపించింది. బోర్డుకి తగిలిస్తే పొద్దున పూట 4.1. టీ తాగొచ్చేసరికి 4.8. అప్పుడు అర్థమైంది. టెస్టర్ ఎస్‌ఎంపీఎస్ మీద మోపే బరువు దాదాపు ఏమీ లేదు. ఖాళీ బండి ఏ ఎద్దయినా లాగుతుంది. రిపేరు షాపులో విప్పి చూస్తే లోపల కరెంటు నిలవ ఉంచే రెండు చిన్న కెపాసిటర్ల నెత్తి పూరీలా పొంగి ఉంది. వేడెక్కితే కాస్త కోలుకుంటాయి కాబట్టే మధ్యాహ్నం బుద్ధిగా ఉండేది. అరవై రూపాయలకి అవి మార్చారు. ఎనిమిది నెలలు నడిచింది, తర్వాత దాన్ని తీసేశాను. ఈ విప్పడం మాత్రం మీరు చేయకండి. లోపల పెద్ద కెపాసిటర్‌లో 325 వోల్టుల దాకా నిలవ ఉంటుంది, వైరు పీకేసిన తర్వాత కూడా.

ఆ ఎస్‌ఎంపీఎస్ ఒక క్యాబినెట్‌తో ఉచితంగా వచ్చింది. స్టిక్కర్ మీద పెద్ద అక్షరాలతో 450 వాట్లు. కింద గడుల్లో 12 వోల్టుల దగ్గర చూస్తే 14 ఆంపియర్లు. గుణిస్తే 168 వాట్లు. ప్రాసెసరైనా గ్రాఫిక్స్ కార్డైనా ముఖ్యంగా తినేది ఈ 12 వోల్టులే. కాబట్టి షాపులో ఆ గడి చదవండి, చేత్తో ఎత్తి బరువు కూడా చూడండి. మరీ దూదిలా తేలిపోతే కొనొద్దు.

డబ్బా ఇప్పుడెలా ఉందంటే, తెర మీద ఒక గీత చెరిగిపోయి 8 కాస్తా 6లా కనపడుతుంది. మోలెక్స్ సాకెట్ వదులైంది. 24 పిన్నుల సాకెట్ మాత్రం మొదటిరోజు ఎంత బిర్రుగా ఉందో ఇప్పటికీ అంతే, పీకేటప్పుడు బొటనవేలు నొక్కుకుపోతుంది. 3.3 వోల్టుల దగ్గర మల్టీమీటర్ కంటే ఎప్పుడూ 0.1 ఎక్కువ చూపిస్తుంది. అక్కడ హద్దు అటూ ఇటూ 0.165 మాత్రమే కాబట్టి ఆ అంకెని నేను నమ్మను. ఆఫీసుల నుంచి సెకండ్ హ్యాండ్‌లో వచ్చే చిన్న బ్రాండెడ్ మిషన్లు చాలావాటికి ఇది పట్టదు, వాటి ప్లగ్గులే వేరు.

నేనైతే ఐదుకి మూడు ఇస్తాను. ప్లగ్గులన్నీ సరిగ్గా గుచ్చాక కూడా ఎల్ఎల్ అని అరిస్తే చాలావరకు నమ్మొచ్చు, ఎస్‌ఎంపీఎస్‌నే అనుమానించాలి. అన్నీ బాగున్నాయంటే మాత్రం సగమే నమ్మాలి. ఒక్కటే కొనే డబ్బుంటే దీని బదులు మామూలు డిజిటల్ మల్టీమీటర్ కొనండి, ఇంట్లో మిగతా పనులకీ వస్తుంది. రెండూ ఉంటే పని ఇంకా తొందరగా అవుతుంది. నేను ఆ రెంటితో పాటు ఒక మంచి ఎస్‌ఎంపీఎస్ అదనంగా కొని బీరువాలో పెట్టుకున్నాను. అనుమానం వస్తే ముందు దాన్నే తగిలించి చూస్తాను. మొన్న మాఘంలో అలాగే పది నిమిషాల్లో మిషన్ లేచింది, ఆ డబ్బా వెతుక్కోవాల్సిన అవసరం కూడా రాలేదు. వెతికినా దొరికేది కాదనుకోండి, జిరాక్స్ షాపాయన తీసుకెళ్లి మూడు నెలలైంది.