ప్లేడేట్: డాబా మీద ఎండలో బంగారం, లైటార్పితే సున్నా

ముందే చెప్పేస్తున్నా, నేను పెద్ద గేమర్ని కాదు. చిన్నప్పుడు తిరునాళ్ళలో కొనిపించుకున్న బ్రిక్ గేమ్, కాలేజీలో నోకియా ఫోన్లో పాము, ఆ తర్వాత ఉద్యోగం, పెళ్ళి, ఈఎమ్ఐలు, అంతే నా చరిత్ర. అలాంటివాణ్ణి 179 డాలర్లు పోసి నలుపు తెలుపు స్క్రీనుతో, లోపల లైటు లేకుండా, పక్కన తిప్పే హ్యాండిల్‌తో ఉన్న, చేతిలో పట్టుకుని గేమ్స్ ఆడుకునే ప్లేడేట్ అనే ఒక పసుపు డబ్బా కొన్నానంటే సగం కారణం అది మా ఊరి సరుకు కావడమే. మేం ఉండేది ఆరెగాన్‌లో, పోర్ట్‌లాండ్ పక్కన బీవర్టన్. ఈ ప్లేడేట్ చేసిన పానిక్ వాళ్ళది పోర్ట్‌లాండే. మాక్ సాఫ్ట్‌వేర్లు చేసుకునే చిన్న కంపెనీ, 1997 నుంచి ఉన్నారు, 2019లో ఊరందరినీ సతాయించే బాతు గేమ్ ఒకటి వచ్చింది గుర్తుందా, దాన్ని పబ్లిష్ చేసింది వీళ్ళే. హార్డ్‌వేర్ మాత్రం ఎప్పుడూ చెయ్యలేదు. అందుకే కొనేటప్పుడు కొంచెం భయం వేసింది, సాఫ్ట్‌వేర్ వాళ్ళు ప్లాస్టిక్ జోలికొస్తే ఏమవుతుందో ఆ ఫీల్డులో ఉన్నవాడిగా నాకు తెలుసు కాబట్టి.

డిజైన్‌లో సాయం స్వీడన్ వాళ్ళది, టీనేజ్ ఇంజనీరింగ్ అని సింథసైజర్లు అవీ చేస్తారు, ఆ హ్యాండిల్ ఆలోచన కూడా వాళ్ళదే. ప్రీ ఆర్డర్ 2021 జూలై 29 పొద్దున 10 గంటలకి ఓపెన్ అయింది, నేను ఆఫీస్ కాల్ మ్యూట్‌లో పెట్టి బటన్ నొక్కుతూ కూర్చున్నా, మొదటి 20,000 పీసులు ఇరవై నిమిషాల్లోపే అయిపోయాయి, నాది అందులో పడింది. ఆ సంవత్సరం చివరికల్లా వచ్చేస్తుందన్నారు. నవంబర్లో ఒక మెయిల్ వచ్చింది, తయారై వచ్చిన మొదటి 5,000 పీసులు టెస్ట్ చేస్తే కొన్నిట్లో బ్యాటరీ ఛార్జ్ నిలవట్లేదంట, కొన్నైతే అసలు ఆన్ కూడా అవ్వట్లేదంట, దాంతో అన్నిటినీ మళ్ళీ మలేషియా ఫ్యాక్టరీకి పంపేసి వేరే కంపెనీ బ్యాటరీలు పెట్టిస్తున్నాం, లేటవుతుంది అని. అదే మెయిల్లో ఇంకో వార్త, లోపలి ప్రాసెసర్ చిప్పు ఇక రెండేళ్ళ దాకా దొరకదంట, తర్వాతి పీసుల కోసం బోర్డు మళ్ళీ డిజైన్ చేసుకోవాలంట. చిప్పుల కరువు రోజులు కదా అవి. మామూలుగా ఇలాంటి మెయిల్ చదివితే డబ్బులు వెనక్కి అడగాలనిపిస్తుంది, నాకు మాత్రం అక్కడే నమ్మకం కుదిరింది, ఎందుకంటే తేడా సరుకుని గుట్టుగా అంటగట్టకుండా వాళ్ళంతట వాళ్ళే బయటపెట్టారు. పంపడం మొదలెట్టింది 2022 ఏప్రిల్ 18న, నా చేతికి మే నెలలో వచ్చింది.

డబ్బా తీశాక మా ఆవిడ అన్న మొదటి మాట, "ఏవండీ, మిగతాది ఎక్కడ?" అని. అంత చిన్నది. ఆఫీసులో నోట్సు రాసి అంటించుకునే పసుపు కాగితాల కట్ట ఉంటుంది చూడండి, సరిగ్గా అంత, రంగు కూడా అదే. 76 మిల్లీమీటర్ల వెడల్పు, 74 ఎత్తు, మందం 9, బరువు 86 గ్రాములు. ఫొటోల్లో చూసి ఫోన్ సైజు ఊహించుకున్నవాళ్ళందరికీ ఇదే మొదటి షాక్. కానీ చేతిలోకి తీసుకున్నాక అనిపించేది వేరే, ఇంత తేలిగ్గా ఉన్నా బొమ్మలాగా డొల్లగా అనిపించదు. రెండు చేతులతో పట్టుకుని కొంచెం మెలిపెట్టి చూశా (నాకు ఇదో జబ్బు, రిమోట్ కొన్నా అదే పని చేస్తా), కిర్రుమనలేదు. అతుకుల దగ్గర గోరు పెట్టి చూశా, గోరు దిగే సందు లేదు. పైపూత కూడా నిగనిగలాడే రకం కాదు, కొంచెం గరుకు మ్యాట్, చెమట చేతులకి జారదు, వేలిముద్రలు పడవు. పసుపు మీద మురికి మాత్రం తెలుస్తుంది, పచ్చడి అన్నం తిని ముట్టుకోకండి, అనుభవంతో చెప్తున్నా, తడిగుడ్డ పెట్టి తుడిస్తే పోయిందనుకోండి.

ఇప్పుడు అసలు సంగతి, హ్యాండిల్. ఇంగ్లీషులో క్రాంక్ అంటారు గానీ మా ఇంట్లో దాని పేరు హ్యాండిలే. వాడనప్పుడు కుడి పక్కన బాడీలోకి పూర్తిగా మడిచిపెట్టుకుంటుంది, చూసేవాళ్ళకి అక్కడ ఒకటుందని కూడా తెలియదు. బొటనవేలితో పైకి లాగితే బయటకొస్తుంది, లోపల స్పీకర్లోంచి చిన్న శబ్దం వస్తుంది, మడిస్తే ఇంకో శబ్దం. కడ్డీ లోహం, పట్టుకునే ముక్క పసుపు ప్లాస్టిక్. తిప్పుతుంటే ఎక్కడా గట్టిపడటం గానీ, వదులవ్వడం గానీ, గరగరమనడం గానీ లేదు, నూనె రాసిన చేతి కుట్టు మిషన్ తిప్పినట్టు ఒకే వరసలో పోతుంది. కుట్టు మిషన్ అని ఊరికే అనలేదు, మా అమ్మమ్మకి చేత్తో తిప్పే మిషన్ ఉండేది, చిన్నప్పుడు ఆ చక్రం తిప్పే ఉద్యోగం నాది, కుడిచేత్తో నేను తిప్పుతుంటే ఆవిడ రెండు చేతుల్తో గుడ్డ తోసేది. ఈ హ్యాండిల్ తిప్పగానే చేతికి ముందు గుర్తొచ్చింది అదే.

ఇక అందరూ అడిగే ప్రశ్న, అది తిప్పితే ఛార్జ్ అవుతుందా అని. అవ్వదండీ. ఎన్నిసార్లు చెప్పినా మా బావ మళ్ళీ అదే అడుగుతాడు. అది కేవలం ఆడటానికి, ఎంత కోణం తిరిగిందో లోపల కచ్చితంగా కొలుస్తుంది. ఈ కొలత ఎంత సన్నగా ఉందో తెలియాలంటే క్రాంకిన్ అని ఒక గేమ్ ఉంది చూడండి, కటమరీ డమాసీ అనే గేమ్ చేసిన జపాన్ ఆయనదే అది కూడా, అందులో ఒక రోబో తన డేట్‌కి లేటవుతూ ఉంటాడు, హ్యాండిల్ ముందుకి తిప్పితే వాడి కాలం ముందుకి, వెనక్కి తిప్పితే వాడి కాలం వెనక్కి, కానీ ఎదురొచ్చే పందులకీ సీతాకోకచిలుకలకీ ఆ లెక్క లేదు, అవి వస్తూనే ఉంటాయి. దారిలో వాడు వంగి పువ్వు వాసన చూస్తాడు, సరిగ్గా ఆ వంగిన భంగిమ దగ్గర ఆపితే సీతాకోకచిలుక వాడి తలమీంచి పోతుంది. వెంట్రుకవాసి తేడా వచ్చినా తగిలేస్తుంది. వేలు చిన్నగా కదిలిస్తే వాడు అంతే చిన్నగా కదులుతాడు, ఆలస్యం లేదు, తడబాటు లేదు. హ్యాండిల్‌ని అలంకారానికి పెట్టారని అనుకున్న నా అనుమానం ఆ పువ్వు దగ్గర పోయింది.

ఒక్క ఇబ్బంది ఉంది, అది తయారీ లోపం కాదు, సైజు వల్ల వచ్చేది. హ్యాండిల్ కుడిచేత్తో తిప్పుతూ ఏ, బీ బటన్లు కూడా నొక్కాలంటే ఆ రెండూ కుడివైపే ఉన్నాయి, చెయ్యి అటూ ఇటూ మార్చుకోవాలి, డబ్బా ఎడంచేతి మూడు వేళ్ళ మధ్య నిలబెట్టాలి. నావి పెద్ద చేతులు, అరగంటకి ఎడమ బొటనవేలి మొదట్లో పట్టేస్తుంది. ఎడంచేతి వాటం వాళ్ళ సంగతి మరీ కష్టం. బటన్లు మాత్రం మంచివి, నాలుగు దిక్కులకి నొక్కే డీ ప్యాడ్ చిన్నదైనా ఏ దిక్కు నొక్కామో వేలికి స్పష్టంగా తెలుస్తుంది. సౌండ్ పెంచడానికి తగ్గించడానికి బయట బటన్ లేదు, మెనూ తెరిచి మార్చాలి, పక్కన పాప నిద్రపోతున్నప్పుడు ఆన్ చేస్తే తెలుస్తుంది ఆ బాధ. స్పీకర్ ఒక్కటే, దాని సైజుకి అది బాగానే అరుస్తుంది, హెడ్‌ఫోన్ పిన్ను పెట్టుకునే రంధ్రం ఉంచారు, ఈ రోజుల్లో అదే గొప్ప.

స్క్రీన్ దగ్గరికొద్దాం, ఈ రివ్యూ రాయాలనిపించిందే దానివల్ల. షార్ప్ కంపెనీ మెమరీ ఎల్‌సీడీ, 2.7 అంగుళాలు, 400 బై 240 చుక్కలు, ఒక్కో చుక్క అయితే నలుపు లేకపోతే తెలుపు, మధ్యలో బూడిద రంగు కూడా లేదు. వెనక లైటు లేదు. అంటే మన పాత బ్రిక్ గేమ్ జాతే, కాకపోతే దానికి మనవడు, పీహెచ్‌డీ చేసినవాడు. చుక్కలు ఎంత సన్నవంటే అచ్చేసిన పుస్తకంలో బొమ్మ చూసినట్టుంటుంది. వెలుతురు ఉంటేనే సుమా.

మాకేమో అక్టోబర్ నుంచి మే దాకా వానే. మధ్యాహ్నం మూడింటికే ఇంట్లో లైట్లు వేసుకునే ఊళ్ళో కూర్చుని లైటు లేని గేమ్ తయారు చేశారంటే ఆ ధైర్యానికి దణ్ణం పెట్టాలి. మే నెలలో వచ్చింది కాబట్టి మొదట తెలియలేదు, ఎండాకాలం పార్కు బెంచీ మీద కూర్చుని వారానికి రెండు చొప్పున వచ్చే గేమ్స్ ఆడేశా, 12 వారాల్లో మొత్తం 24, అన్నీ కొన్న డబ్బుల్లోనే. నవంబర్ వచ్చేసరికి కథ మారింది. హాల్లో సోఫాలో కూర్చుంటే నా నీడే దాని మీద పడేది. ల్యాంపు కిందకి వంగితే ఆ పైనున్న నున్నటి అద్దంలో బల్బు కనిపించేది గానీ గేమ్ కనిపించేది కాదు. అటు వంచి ఇటు వంచి, మా ఆవిడ "మెడ పట్టేస్తే కాపడం నేను పెట్టను" అనేదాకా వచ్చింది. మంచంలో పడుకుని ఆడటం అనే మాటే లేదు. డిసెంబరు మొదటివారం సొరుగులో పడేశా.

సంక్రాంతికి తెనాలి వెళ్తూ ఎందుకో బ్యాగులో వేసుకున్నా. పొద్దున పదింటికి అక్కా వాళ్ళ డాబా మీద వడియాలు ఆరబెడుతుంటే అక్క కూతురు దీన్ని పట్టుకొచ్చింది, "మావయ్యా, దీని లైటు పాడైపోయిందా?" అని. పాడవ్వలేదమ్మా, అసలు లేదు, ఎండలోకి తిప్పు అన్నా. తిప్పింది. నేను ఎనిమిది నెలలు వాడిన స్క్రీను అప్పుడు సరిగ్గా చూసినట్టనిపించింది, తెలుపు వెండి రేకులాగా మెరుస్తోంది, నలుపు కాటుక, ఒక్కో గీత విడివిడిగా లెక్కపెట్టొచ్చు. పక్కనే బావ తన లక్ష రూపాయల ఫోన్లో క్రికెట్ స్కోరు చూడ్డానికి చెయ్యి అడ్డం పెట్టుకుని కళ్ళు చికిలిస్తున్నాడు. ఎండ ఎక్కువయ్యే కొద్దీ ఫోన్లు చచ్చిపోతాయి, ఇది బతుకుతుంది. పోర్ట్‌లాండ్ వాళ్ళు చేశారు గానీ ఇది తెనాలి డాబాల కోసం చేసిన సరుకు అని నా అభిప్రాయం.

మా నాన్న గేమ్స్ జోలికి రాలేదు, ఆయనకి నచ్చింది గడియారం. లాక్ చేసి పెడితే స్క్రీను ఆరిపోదు, టైమ్ చూపిస్తూ ఉంటుంది, ఈ రకం స్క్రీను బొమ్మ మారనంతసేపూ కరెంటు దాదాపు తినదు కాబట్టి అలా 14 రోజులు ఉంటుందని కంపెనీ లెక్క. దాన్ని తీసుకెళ్ళి దేవుడి గూటి పక్కన ఆనించి నిలబెట్టారు. ఆడితే 8 గంటలు వస్తుందంటారు, బ్యాటరీ 740 ఎంఏహెచ్ మాత్రమే, మామూలు ఫోన్లో ఆరో వంతు కూడా ఉండదు, నాకు రోజూ అరగంట ఆటకి దాదాపు రెండు వారాలు వచ్చేది. యూఎస్‌బీ సీ కేబుల్ సరిపోతుంది, ఛార్జర్ మీదే వాడుకోవాలి.

కవర్ సంగతి ఒక ముక్క. ఊదా రంగు కవర్ విడిగా 29 డాలర్లు, అయస్కాంతంతో టక్కున అతుక్కుంటుంది, బాగుంది గానీ ఆ ధర అన్యాయం. ముందు పిసినారితనానికి పోయి ఆన్‌లైన్లో ఎవరో అమ్మే చవక పౌచ్ ఒకటి కొన్నా, దాని జిప్పు గీసుకుని హ్యాండిల్ చివర చిన్న గీత పడింది, ఆ పౌచ్ అమ్మినవాళ్ళకి మెయిల్ పెడితే ఉలుకూ పలుకూ లేదు. చివరికి 29 డాలర్లూ పెట్టా. తెనాలిలో మా మేనకోడలు మెట్ల మీద నుంచి జారవిడిచినప్పుడు ఆ కవర్ ఉంది కాబట్టి సరిపోయింది, నాలుగు మెట్లు దొర్లింది, హ్యాండిల్ లోపల మడిచి ఉండటం వల్ల దానికేం కాలేదు, అదే బయటకి తీసి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోను.

కొనాలా వద్దా అని అడిగేవాళ్ళకి. 2023లో ధర 199 చేశారు, ఇంత డబ్బుకి రంగుల స్క్రీను, వేల పాత గేమ్స్ పట్టే చైనా హ్యాండ్‌హెల్డ్‌లు రెండు మూడొస్తాయి, గేమ్స్ కోసం అయితే అవి కొనుక్కోండి, నేనేమీ అనుకోను. సొంతంగా చిన్న గేమ్ రాసి దీన్లోకి ఎక్కించుకోవాలనే సరదా ఉన్నవాళ్ళకి మాత్రం దారి తెరిచే ఉంది, టూల్స్ అన్నీ ఫ్రీ, లూవా అనే ప్రోగ్రామింగ్ భాష వస్తే చాలు, నేను అష్టాచెమ్మా రాయడం మొదలెట్టా, హ్యాండిల్ తిప్పితే గవ్వలు దొర్లుతాయి, ఇంకా సగంలో ఉంది. రాత్రి పిల్లలు పడుకున్నాక చీకట్లో ఆడదామనుకునేవాళ్ళకి ఇది కాదు.

నాది ఇప్పుడు నా దగ్గర లేదు. తిరుగు ప్రయాణం రోజు సూట్‌కేస్‌లో పెట్టుకుందామని దేవుడి గూటి దగ్గరికెళ్తే నాన్న, "ఉండనీరా, టైమ్ కరెక్టుగా చూపిస్తోంది" అన్నారు. మొన్న వీడియో కాల్లో కనపడింది, టైమ్ కరెక్టే, హ్యాండిల్‌కి బొట్టు పెట్టి ఉంది.